రెండు కాళ్ళూ సమానం

జనవరి 8, గురువారం

కుడిచేతి బొటనవేలి మీద బొబ్బ. స్నానం చేస్తూ చూశాను. నూనె వెచ్చబెట్టే గిన్నె అంచు తగిలి ఉంటుంది. తగిలినప్పుడు అబ్బా అని ఉండాలి కదా, అన్నట్టు గుర్తు లేదు. పని తొందరలో పట్టించుకుని ఉండను.

జనవరి 10

మా మర్దన సెంటర్ మేడమ్ హాల్లో పెట్టడానికి కొత్త బోర్డు రాయిస్తోంది. 'మర్దన వల్ల ఆరోగ్య లాభాలు' అని పైన పెద్ద అక్షరాలు. కింద ఏం రాయాలో నన్ను చెప్పమంది. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు పడుతున్నదాన్ని, నేను కాకపోతే ఎవరు చెబుతారు? కండరాల పట్టు వదులుతుంది. రక్తప్రసరణ బాగుపడుతుంది. నిద్ర పడుతుంది. మనసు తేలికవుతుంది. నేను చెబుతుంటే బుద్ధిగా రాసుకుంది.

ఎవరికి చెయ్యకూడదో కూడా అడుగున ఒక వరస రాయించండి అన్నాను. జ్వరం ఉన్నవాళ్ళు, ఒక కాలే వాచినవాళ్ళు, అలాంటివి.

"లాభాల బోర్డు మీద భయాలెందుకండీ? అవన్నీ మీ చేతులు చూసుకుంటాయిలెండి" అంది.

పొగడ్తకి పడిపోయి ఊరుకున్నాను.

జనవరి 13

ఇవాళ మరో గ్లాసు జారింది.

"మూడోది" అన్నాడు మా ఆయన ముక్కలు ఏరుతూ. "ఇదే వరసైతే వచ్చే నెలకి దోసిళ్ళతో తాగాలి."

చేతికి నూనె అంటుకుని ఉందని చెప్పాను. నూనె లేదు.

జనవరి 15, గురువారం

బస్సు డ్రైవర్ అన్నగారి రోజు. గురువారం నాలుగింటికి ఆయన్ని తప్ప ఎవరినీ పెట్టుకోను. నాలుగేళ్ళుగా ఇదే వరస. తన టవల్ తనే తెచ్చుకుంటారు, నీలం గళ్ళది. మా టవళ్ళు ఆసుపత్రి వాసన వేస్తాయట. బోర్లా పడుకోగానే అందుకుంటారు. "యాభై మందిని సీట్లలో కూర్చోబెట్టానని అనుకుంటారు చెల్లెమ్మా. అందరూ కూర్చునేది నా నడుం మీదే." నాలుగేళ్ళుగా అదే జోకు, నాలుగేళ్ళుగా నేను నవ్వడం. పావుగంటకి గురక.

వెళ్ళేటప్పుడు, "ఈ మధ్య మీ చెయ్యి బాగా పడుతోంది" అన్నారు. మేడమ్ కూడా అదే మాట. మీరే కావాలని అడిగి మరీ వస్తున్నారండీ, అంది.

ఎంత నొక్కుతున్నానో తెలియక ఇంకాస్త నొక్కుతున్నాను, అంతే.

ఈ వాక్యం ఎందుకు రాశానో. కొట్టేయాలి.

జనవరి 18

మర్దన నేర్పిన మాస్టారు గుర్తొచ్చారు. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. మాకు నేర్పేటప్పుడు మా కళ్ళకి కూడా గుడ్డ కట్టించేవారు. చూస్తే చెయ్యి బద్ధకిస్తుంది అనేవారు. ఇప్పటికీ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళమంతా కళ్ళు మూసుకునే పని చేస్తాం. వచ్చినవాళ్ళు అదేదో ధ్యానం అనుకుని మురిసిపోతారు.

పట్టడం మొదలుపెట్టే ముందు రెండు చేతులూ రెండు పిక్కల మీద ఆనించి ఊరికే ఉండాలి. తొమ్మిది ఊపిర్లు. నొక్కకూడదు, రుద్దకూడదు. ఒక కాలు వేడిగా, బిగుతుగా ఉండి రెండోది మామూలుగా ఉంటే చెయ్యి తీసేసి డాక్టరు దగ్గరికి పంపాలి. లోపల సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, పిసికితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మాస్టారు ఈ ఒక్క పాఠం మాత్రం వారానికోసారి అప్పజెప్పించుకునేవారు. తర్వాత వచ్చినవాళ్ళ పేరున్న కార్డులో రాయాలి. వేడి, వాపు, నొప్పి. రెండు వైపులా ఒకేలా ఉంటే 'సమానం'. లేకపోతే 'తేడా'.

ఇరవై ఆరేళ్ళలో పదకొండుసార్లు 'తేడా' రాశాను. పదకొండుమందీ బతికే ఉన్నారు. ఒకాయన ఇప్పటికీ బజారులో కనిపిస్తే చేతులెత్తి దండం పెడతాడు.

కిందటి ఏడాది ఒక్క 'తేడా' కూడా రాయలేదు. అందరూ ఆరోగ్యంగా ఉన్నారన్నమాట.

జనవరి 21

ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండు కప్పులు పెట్టుకున్నాను. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో కాచినవి. కళ్ళు మూసుకుని కప్పుల్ని చాలాసేపు అటూ ఇటూ మార్చి, ముట్టుకుని చెప్పాలి. మొదటిసారి తప్పు. రెండోసారి కరెక్టు. రెండింటికి ఒకటి వచ్చింది. అంటే సగం ఉన్నట్టే. సగం ఉంటే చాలు, మిగతాది అనుభవం చూసుకుంటుంది.

జనవరి 24

మా ఆయన గోడ గడియారానికి బ్యాటరీ మారుస్తూ భూతద్దం వెతుక్కున్నాడు. వాచీల షాపు మూసి మూడేళ్ళు. ఒకరి వాచీలో పళ్ళచక్రం తిరగేసి బిగించాడట. మర్నాడే, నాకు కళ్ళు ఆనడం లేదు, ఇక చెయ్యను అని బోర్డు దించేశాడు. అప్పుడు నేను నవ్వాను. "గడియారం తప్పు చూపిస్తే ఎవరైనా చచ్చిపోతారా?" అన్నాను.

ఇవాళ నా జాకెట్టు హుక్కు ఆయనే పెట్టాడు. "ఒకసారి డాక్టరుకి చూపించుకోవే" అన్నాడు. చూపిస్తాను అన్నాను.

జనవరి 30

చూపిస్తాను. ఈ నెలాఖరు రద్దీ తగ్గాక. మణికట్టు దగ్గర నరం నలిగితే వేళ్ళు మొద్దుబారతాయి, ఆలస్యం చెయ్యకండి అని నేనే ఎంతమందికి చెప్పానో. నాది అది కాదు. నాది అలసట.

ఫిబ్రవరి 5, గురువారం

డ్రైవర్ అన్నగారు వచ్చారు. మూడు రోజుల దూరపు ట్రిప్పు చేసి వచ్చారట. ఎడమ పిక్క పట్టేసిందన్నారు. గంటసేపు పట్టాను. మామూలే. టవల్ మరిచిపోయి వెళ్ళారు.

ఫిబ్రవరి 6

రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 8

డ్రైవర్ అన్నగారు నిన్న పొద్దున పోయారు. స్నానాల గది గుమ్మం దగ్గర పడిపోయారట. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. మేడమ్ ఫోన్ చేసి చెప్పింది.

ఫిబ్రవరి 9

మేడమ్ గదిలోకి పిలిచి తలుపు వేసింది. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందని అక్కడ డాక్టర్లు చెప్పారట. రోజంతా కూర్చుని చేసే పని కదా, డ్రైవర్లకి వస్తుందట. ఆయన కార్డు బల్ల మీద పెట్టింది.

"చూశాను. వేడి సమానం, వాపు సమానం అని రాశారు. అంటే మీరు చూసినప్పుడు ఏమీ లేదు. ఆ తర్వాతే వచ్చి ఉంటుంది. ఈ కార్డే మనకి రక్ష. మీరేం బెంగ పెట్టుకోకండి."

"బెంగేం లేదండీ" అన్నాను.

నేను పట్టకపోయినా అది కదిలేదేమో. నడిస్తే కదిలేదేమో, మెట్లెక్కితే కదిలేదేమో. కదిలేదే.

ఫిబ్రవరి 12, గురువారం

నాలుగు గంటలు. ఎవరినీ పెట్టుకోలేదు. ఆయన టవల్ ఉతికి, ఆరేసి, మడతపెట్టాను. బల్ల పక్కన కూర్చున్నాను.

అయిదో తేదీన రాయనిది ఇప్పుడు రాస్తాను. ఇది ఎవరూ చదవరు. నాకు నేను అబద్ధం చెప్పుకుని ఏం బాగుపడతాను?

ఆయన కొంచెం కుంటుతూ లోపలికి వచ్చారు. అది చూశాను. ఎడమ పిక్క, రెండు రోజులుగా పట్టేసింది, లోపల సలుపుతోంది అన్నారు. గది మసకగా ఉంది, మామూలే. టవల్ కప్పాను. కళ్ళు మూసుకున్నాను. రెండు చేతులూ రెండు పిక్కల మీద పెట్టాను. తొమ్మిది ఊపిర్లు లెక్కపెట్టాను. నా చేతుల కింద ఏమీ లేదు. వేడి లేదు, చల్లదనం లేదు, బిగువు లేదు. రెండు చెక్కల మీద చేతులు పెట్టినట్టు ఉంది. రెండు చెక్కలూ ఒకేలా ఉన్నాయి. అందుకని సమానం అని రాశాను.

కళ్ళు తెరిచి చూస్తే కనబడేది. టవల్ ఒక్క జానెడు ఎత్తితే చాలు. తెరవలేదు. మాస్టారి శిష్యురాలిని కదా.

తర్వాత పట్టాను. గట్టిగా. ఆయన జోకు వెయ్యలేదు. గురక పెట్టలేదు. సగంలో, "మంట పుడుతోంది చెల్లెమ్మా" అన్నారు. "పట్టు వదిలేటప్పుడు అలాగే ఉంటుందండీ, ఓర్చుకోండి" అన్నాను. ఓర్చుకున్నారు. పెద్ద మనిషి, నా మాట మీద గురి ఉన్న మనిషి. వెళ్ళేటప్పుడు బల్ల అంచు పట్టుకుని, "ఏం ఫర్వాలేదు కదా?" అని అడిగారు. "ఏం లేదు, ఊరికే కండరం" అన్నాను.

ఒక్క మాట చాలు. ఆసుపత్రికి వెళ్ళండి అని ఒక్క మాట. పదకొండుమందికి చెప్పాను.

నాకు తెలియలేదు అని ఎలా అంటాను? తెలియడం లేదని తెలుసు. ఏడాదిగా తెలుసు.

ఫిబ్రవరి 13

పనికి వెళ్ళాను. ఆరుగురు. ఆరుగురివీ సమానం.

ఫిబ్రవరి 16

ముగ్గురే. కడుపునొప్పి అని వచ్చేశాను. డ్రైవర్ అన్నగారి ఇంటికి వెళ్ళి ఆయన భార్యతో చెప్పాలి. రేపు వెళతాను.

ఫిబ్రవరి 17

రేపు.

ఫిబ్రవరి 19, గురువారం

ఆవిడే వచ్చింది. సరిగ్గా నాలుగింటికి. నేనెప్పుడూ చూడలేదు. పొట్టిగా, పైట నిండా కప్పుకుని, చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు నిలబడింది.

"ఆయన టవల్ ఇక్కడ ఉండిపోయిందటగా. దాని కోసం వచ్చాను వదినగారూ" అంది. నా మొహం చూసి, "ఆయనకి చెల్లెలైతే నాకు ఆడపడుచేగా. చెల్లెమ్మ ఇలా అంది, చెల్లెమ్మ అలా అంది అని గురువారమంతా మీ కబుర్లే" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

టవల్ ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఉతికేశారా" అంది. తప్పు పట్టినట్టు కాదు. ఆయన వాసన కోసం వచ్చిన మనిషికి సబ్బు వాసన ఇచ్చాను.

వెళుతుందనుకున్నాను. వెళ్ళలేదు. హాల్లో బోర్డు వైపు చూస్తూ నిలబడి, "నిద్ర పడుతుందని రాశారు. నిజమేనా?" అని అడిగింది. "పన్నెండు రోజులైంది కన్ను మూతపడి. మీ దగ్గరికొచ్చిన రోజే ఆయన హాయిగా పడుకునేవారు. ఒక్కసారి నాకూ పడతారా?"

కాదనలేకపోయాను. కాదంటే ఎందుకో చెప్పాలి.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పట్టాను. మెడా భుజాలే. కాళ్ళ జోలికి పోలేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి కళ్ళు తెరుచుకుని పట్టాను. నా వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకుంటూ, చర్మం ఎంత ఎర్రబడుతోందో చూసుకుంటూ. భుజాలు రాళ్ళలా ఉండి ఉంటాయి. పది నిమిషాలకి ఒక్కసారిగా ఒళ్ళు వదిలేసింది.

అప్పుడు చెప్పాను. నా చేతులకి స్పర్శ లేదండీ, మీ ఆయన కాలు చూడకుండానే సమానం అని రాశాను, మంట అంటే కూడా వినలేదు. మొత్తం చెప్పాను.

చెప్పేశాను.

నిద్రపోతున్న మనిషికి చెప్పాను. గురక వినబడుతూనే ఉంది. ఆయన గురకలాగే ఉంది.

ఫిబ్రవరి 20

ఆవిడ ఫోన్ చేసింది. ఇంటికెళ్ళి అయిదు గంటలు నిద్రపోయిందట. "మీ చేతి చలవ వదినగారూ. ప్రతి గురువారం వస్తాను, ఆయన టైముకే." సరే అన్నాను.

ఫిబ్రవరి 23

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. సూదితో వేళ్ళ చివర్లు గుచ్చుతాను, నొప్పి పుడితే చెప్పండి అన్నాడు. నేను పక్కకి తిరిగి ఉన్నాను. గుచ్చడం ఎప్పుడు మొదలుపెడతాడా అని చూస్తున్నాను. అప్పటికి అయిదు వేళ్ళు అయిపోయాయట.

రెండు మణికట్ల దగ్గరా నరం పాడైంది. కుడిది ఎక్కువ. ఆపరేషన్ చేస్తే ఇంతకంటే ముదరకుండా ఆగొచ్చు, పోయినదంతా తిరిగి రావడం కష్టం. ఏడాది ముందు రావలసిందమ్మా అన్నాడు. ఏం పని చేస్తారు అని అడిగాడు. చెప్పాను. రాస్తున్న కలం ఆపి నా వైపు చూశాడు.

ఇంటికొచ్చాక మా ఆయనకి అంతా చెప్పాను. డ్రైవర్ అన్నగారి సంగతి కూడా. గడియారం గురించి నేనన్న మాట ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. లేచి టీ పెట్టి, గ్లాసు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు. "ఆవిడకి చెప్పాలి" అన్నాడు.

"చెబుతాను."

"మెలకువగా ఉన్నప్పుడు."

ఫిబ్రవరి 25

మేడమ్‌కి చెప్పాను, రేపటితో మానేస్తున్నానని. ఎందుకో కూడా చెప్పాను. మొహం పాలిపోయింది. "ఎవరికీ అనకండి. కార్డు ఉంది కదా" అంది రెండుసార్లు. కార్డు నా సంచిలో ఉంది. మేడమ్‌కి తెలియదు.

ఫిబ్రవరి 26, గురువారం

బల్ల ఎక్కకముందే చెప్పాలనుకున్నాను. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని, "వారమంతా ఈ గంట కోసమే చూశాను" అంది. పడుకోబెట్టాను. టవల్ తెచ్చుకుంది, నీలం గళ్ళది, అదే కప్పాను. మెడకి నూనె రాశాను.

కాసేపటికి, మొహం కిందికే పెట్టుకుని అడిగింది.

"వదినగారూ, ఆయన్ని ఆఖరుసారి నిండుగా ముట్టుకున్నది మీరే. ఆ రెండు రోజులూ నేను ఆయన పక్కన కూర్చోనైనా లేదు, ఇంట్లో ఏదో పని. ఎలా ఉన్నారు? ఒళ్ళు వెచ్చగా ఉందా?"

నా చేతులు ఆగిపోయాయి.

"నాకు తెలియదు" అన్నాను.

"అంటే?"

చెప్పాను. ఈసారి ఆవిడ లేచి కూర్చుంది, పైట పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ విన్నది. చేతుల సంగతి, కార్డు సంగతి, కళ్ళు మూసుకున్న సంగతి. ఆయన కుంటుతూ రావడం. వాపు ఉండి ఉంటుందని, చూసి ఉంటే ఆసుపత్రికి పంపి ఉండేదాన్నని. నేను పిసకడం వల్లే కదిలి ఉండొచ్చని.

"మంట అన్నారా?" అని అడిగింది.

"అన్నారు."

"మీరేమన్నారు?"

"పట్టు వదిలేటప్పుడు అలాగే ఉంటుందన్నాను. ఊరికే కండరం అన్నాను."

ఆవిడ తల ఊపింది. ఆ మాట ముందే విన్నదానిలా ఊపింది.

"ఆ రాత్రి కాలు చూశాను నేను. ఇంత లావైంది. ఆసుపత్రికి పోదాం పదండి అన్నాను. మర్నాడూ అన్నాను. వినలేదు. 'చెల్లెమ్మ చెయ్యేసి చూసింది, ఏం లేదంది, ఊరికే కండరమట' అన్నారు. నేను కూడా నమ్మాను."

కార్డు తీసి ఇచ్చాను. ఎవరికి చూపించాలంటే వాళ్ళకి చూపించండి, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను అన్నాను. తీసుకుంది. చదవలేదు. టవల్లో పెట్టి మడిచింది.

తర్వాత లేచి మూలనున్న సింకు దగ్గరికి వెళ్ళింది. కుళాయి తిప్పి, సబ్బు తీసుకుని మెడ కడుక్కోవడం మొదలుపెట్టింది. నేను నూనె రాసిన చోటంతా. భుజాలు, చెవుల వెనక, మళ్ళీ మెడ. సబ్బు కడిగి మళ్ళీ సబ్బు పెట్టింది. జాకెట్టు వెనక తడిసిపోయింది. ఏడవలేదు. నీళ్ళ చప్పుడు ఒక్కటే. నేను నా చోట నిలబడి ఉన్నాను.

టవల్ వాడలేదు. తడి మెడతోనే, టవల్ గుండెలకి హత్తుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. వదినగారూ అనలేదు.

కుళాయి కట్టెయ్యడం మరిచిపోయింది. వెళ్ళి కట్టబోతూ ధార కింద చెయ్యి పెట్టాను. ఏమీ అనిపించలేదు. సింకు మీది అద్దానికి పట్టిన ఆవిరి చూశాక తెలిసింది, వేడినీళ్ళ కుళాయిలోంచి నీళ్ళు పొగలు కక్కుతున్నాయని.